వణికే కర్సర్ – కారణాలు, పరిశీలన, నివారణ

(ద్వితీయ బి.యస్సి., ఎం.పి.సి.యస్. విద్యార్థి)

నేటి విద్యార్థి జీవితంలో కంప్యూటర్ అవసరం లేని రోజంటూ లేదు. దరఖాస్తు పెట్టేది దాని మీదే, ఫీజు కట్టేది దాని మీదే, చివరకు పరీక్ష రాసేది కూడా దాని మీదే. ఇంత యంత్రానికి మన మనసులోని మాట చేరవేసే దూత మాత్రం అరచేతిలో ఇమిడిపోయే మౌస్. మౌస్ కదిపితే తెర మీద బాణం గుర్తు కదలాలి, ఆపితే ఆగాలి. ఆ బాణం గుర్తునే కర్సర్ అంటున్నాం. ఆ ఒక్క పనీ సక్రమంగా జరగక, కర్సర్ చలిజ్వరం పట్టినట్టు వణికిపోతుంటే ఏం చేయాలి? ఈ వ్యాసంలో పరిశీలించబోయేది అదే.

ఇదేం పెద్ద సమస్యా అని కొందరు నవ్వవచ్చు. కొత్త మౌస్ కొనుక్కుంటే సరిపోతుంది కదా అనవచ్చు. కాని రెండు విషయాలు ఆలోచించాలి. మొదటిది: 2019 నుంచి జె.ఇ.ఇ. మెయిన్ ఇంజనీరింగ్ పేపరు పూర్తిగా కంప్యూటర్ మీదే జరుగుతోంది. అంకె రూపంలో ఇవ్వవలసిన జవాబును కూడా తెర మీద కనిపించే అంకెల పలకపై మౌస్‌తో నొక్కి పెట్టాలి. అక్కడ అభ్యర్థి చేతిలో ఉన్న ఆయుధం మౌస్ ఒక్కటే. రెండో జవాబు నొక్కబోతే మూడోదాని మీద పడిందనుకోండి, సరిచేసుకునేలోగా సమయం పోతుంది, దాంతోపాటు ధైర్యమూ పోతుంది. రెండోది: పల్లెటూళ్ల నుంచి వచ్చిన నాలాంటి వాళ్లలో చాలామంది ఇంటర్ దాటాకనే మౌస్ పట్టుకుంటారు. కర్సర్ వణికితే "నాకు చేతకావడం లేదు" అనుకుంటారే తప్ప "ఈ మౌస్ బాగాలేదు" అనుకోరు. చెయ్యెత్తి అడగడానికి సిగ్గుపడతారు. తప్పు చేతిదా, బల్లదా, మౌస్‌దా, తీగదా, కంప్యూటర్‌దా అని తేల్చుకునే పద్ధతి తెలిస్తే ఆ సిగ్గూ అక్కర్లేదు, అనవసరపు ఖర్చూ అక్కర్లేదు. అందుకు ఇంజనీరు కానవసరం లేదు. డిగ్రీ క్లాసులో చదువుకునే భౌతికశాస్త్రం, కాస్త ఓపిక ఉంటే చాలు.

మౌస్ పుట్టుపూర్వోత్తరాలు

1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే శాస్త్రజ్ఞుడి ఆలోచనకు అతని సహచరుడు బిల్ ఇంగ్లిష్ ఒక చిన్న చెక్కపెట్టెతో రూపమిచ్చాడు. ఆ పెట్టె అడుగున ఒకదానికొకటి లంబంగా రెండు చక్రాలుండేవి. ఒక చక్రం అడ్డంగా ఎంత జరిగామో చెబుతుంది, ఇంకొకటి నిలువుగా ఎంత జరిగామో చెబుతుంది. అంటే మనం జ్యామితిలో గీసే ఎక్స్, వై అక్షాలే చక్రాలుగా మారాయన్నమాట. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక సదస్సులో ఎంగెల్‌బార్ట్ దీన్ని బహిరంగంగా చూపించాడు. 1970లో పేటెంట్ వచ్చింది.

తరువాత చక్రాల బదులు లోపల రబ్బరు పూత వేసిన గుండు ఉన్న మౌస్‌లు వచ్చాయి. గుండు దొర్లితే దానికి ఆనుకున్న రెండు చిన్న రోలర్లు తిరిగేవి. బల్ల మీది దుమ్మంతా గుండు ద్వారా లోపలికి చేరి రోలర్ల చుట్టూ నల్లటి కట్టులా పేరుకునేది. అప్పుడు గుండు జారిపోయి కర్సర్ గెంతులు వేసేది. ఆ రోజుల్లో లాబొరేటరీలో పనిచేసిన మన అధ్యాపకులకు, పూర్వ విద్యార్థులకు మూత తీసి ఆ మట్టిని గోటితో గీకిన అనుభవం ఉండే ఉంటుంది.

కాంతితో పనిచేసే మౌస్‌లను 1980లోనే జెరాక్స్ సంస్థలో రిచర్డ్ లయన్, ఎం.ఐ.టి.లో స్టీవ్ కిర్ష్ విడివిడిగా తయారుచేశారు. కాని వాటికి ప్రత్యేకంగా గుర్తులు ముద్రించిన పలక కావలసివచ్చేది. 1999లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఇంటెలిమౌస్ ఎక్స్‌ప్లోరర్‌తో మామూలు బల్ల మీద పనిచేసే కాంతి మౌస్ జనసామాన్యానికి అందింది. ఈనాడు మన చేతుల్లో ఉన్నవి ఎక్కువగా ఈ జాతివే.

లోపల జరిగేదేమిటి?

మౌస్‌ను తిరగేసి చూస్తే చిన్న రంధ్రం, అందులోంచి సాధారణంగా ఎర్రటి వెలుగు కనిపిస్తాయి. ఆ వెలుగు బల్ల మీద నిటారుగా కాక ఏటవాలుగా పడుతుంది. ఎందుకంటే సాయంత్రపు ఎండలో దున్నిన చేను చూడండి. ప్రతి మట్టిగడ్డకూ పొడుగాటి నీడ పడి చాళ్లన్నీ స్పష్టంగా తెలుస్తాయి. అదే చేను మిట్టమధ్యాహ్నం చదునుగా కనిపిస్తుంది. మన కంటికి నున్నగా అనిపించే కాగితం మీద కూడా సన్నటి నారలుంటాయి. ఏటవాలు కాంతిలో వాటికి నీడలు పడతాయి.

ఆ నీడల్ని ఒక చిన్న కటకం ద్వారా చూసే సెన్సార్ ఒకటి లోపల ఉంటుంది. అది నిజానికి ఒక బుల్లి కెమెరా. మొదటి తరం కాంతి మౌస్‌లలో విరివిగా వాడిన ఒక సెన్సార్‌లో అడ్డం 18, నిలువు 18, మొత్తం 324 పిక్సెళ్లు ఉండేవి. అది సెకనుకు సుమారు 1500 బొమ్మలు తీస్తుంది. ఒక బొమ్మలో ఇక్కడున్న నీడ తరువాతి బొమ్మలో ఎంత పక్కకు జరిగిందో లెక్కగట్టి, "ఇటు ఇంత, అటు ఇంత" అని రెండు అంకెలను కంప్యూటర్‌కు పంపుతుంది.

చిన్న లెక్క చేద్దాం. చేతిని సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో కదిపామనుకుందాం. సెకనుకు 1500 బొమ్మలు కాబట్టి రెండు బొమ్మల మధ్య మౌస్ జరిగే దూరం 300 మిల్లీమీటర్లు భాగించు 1500, అంటే 0.2 మిల్లీమీటర్లు. సెన్సార్ ఒకసారికి చూసే చోటు సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పు. కనుక పాత బొమ్మలో చాలా భాగం కొత్త బొమ్మలోనూ ఉంటుంది. రెండింటినీ పోల్చడం సాధ్యమవుతుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. బొమ్మలో పోల్చుకోవడానికి నీడలే లేకపోతే? అన్ని వైపులా ఒకేలాంటి గళ్లుంటే? కటకం మీద వెంట్రుక అడ్డంగా పడి, మౌస్ ఎటు జరిగినా అది మాత్రం జరగకుండా ఉంటే? సెన్సార్ పొరబడుతుంది. ఒకసారి అటు అంటుంది, మరుక్షణం ఇటు అంటుంది. ఆ తప్పుడు అంకెలే తెర మీద వణుకుగా కనిపిస్తాయి. భౌతికశాస్త్రం భాషలో చెప్పాలంటే సంకేతం కన్నా రొద ఎక్కువైంది.

రోగం పేరు సరిగా చెప్పాలి

డాక్టరు దగ్గరకు వెళ్లి "ఒంట్లో బాగాలేదు" అంటే సరిపోదు. జ్వరమా, దగ్గా, కడుపునొప్పా చెప్పాలి. అలాగే "కర్సర్ సరిగా లేదు" అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు లక్షణాలున్నాయి.

1. వణుకు: కర్సర్ ఉన్నచోటనే అటూ ఇటూ సన్నగా అదరడం. ఎక్కువగా బల్ల, మురికి, మితిమీరిన సున్నితత్వం, లేదా విద్యుత్ రొద వల్ల.

2. గెంతు: ఉన్నట్టుండి తెర ఇంకో మూలకు దూకడం. నిగనిగలాడే బల్ల, కటకం మీద వెంట్రుక, టచ్‌ప్యాడ్‌కు తగిలిన అరచెయ్యి ఇందుకు కారణాలు.

3. ఆగి ఆగి నడవడం: కదులుతూ కదులుతూ నిలిచిపోయి మళ్లీ కదలడం. తీగ లోపల తెగడం, వైర్‌లెస్ మౌస్‌లో బ్యాటరీ అయిపోవడం, రేడియో తరంగాల అడ్డంకి, కంప్యూటర్ మీద పనిభారం ఎక్కువ కావడం.

4. జారుడు: ఎవరూ ముట్టకుండానే ఒకే దిక్కుకు మెల్లగా పోవడం. కొన్ని లాప్‌టాప్‌లలో కీబోర్డు మధ్యన ఉండే చిన్న బొడిపెలో ఇది తరచు వస్తుంది. వేలు తీసి కొన్ని క్షణాలు వదిలేస్తే చాలావరకు అదే సర్దుకుంటుంది.

ఈ నాలుగింటిలో ఏదో ముందు తేల్చుకుంటే సగం పని అయినట్టే.

పరిశీలనా పద్ధతి

మా ఇళ్లల్లో బోరు మోటారు నీళ్లు పోయకపోతే ఏ రైతూ మొదటే మోటారును పైకి లాగడు. ముందు కరెంటు వస్తోందా చూస్తాడు, తరువాత ఫ్యూజు, తరువాత స్టార్టరు, తరువాత కేబులు. గొట్టాలు విప్పి మోటారు పైకి తీయడం అన్నిటికన్నా ఆఖరు, ఎందుకంటే అన్నిటికన్నా ఖర్చు అదే. మన కంప్యూటర్ల దగ్గర మాత్రం తలకిందులుగా జరుగుతోంది. కర్సర్ వణికిందనగానే "ఫార్మాట్ కొట్టు" అనేవాళ్లే ఎక్కువ. ఫార్మాట్ కొట్టడమంటే మోటారు పైకి లాగడమే. అందులోని మన నోట్సు, ప్రాజెక్టు, ఫొటోలు పోయే ప్రమాదం అదనం.

ఇంకో మాట. పురుగు పట్టిన చేనుకు ఒకేసారి మూడు మందులు కలిపి కొడితే, పురుగు పోయినా ఏ మందుతో పోయిందో తెలియదు. మళ్లీ ఏడాది మళ్లీ మూడూ కొనాలి. కాబట్టి ఇక్కడ పాటించవలసిన నియమం ఒక్కటే: ఒక్కసారికి ఒక్కదాన్నే మార్చాలి, ఫలితం చూడాలి, తరువాతే ఇంకోదాన్ని ముట్టాలి. లాబొరేటరీలో ఒక చలరాశిని మార్చేటప్పుడు మిగతావాటిని స్థిరంగా ఉంచుతాం కదా, అదే ఇది.

ఈ కింది నాలుగు పరీక్షలకు పైసా ఖర్చు లేదు. ఐదు నిమిషాలు పడుతుంది.

మొదటి పరీక్ష – చెయ్యి తీయండి. మౌస్‌ను బల్ల మీద వదిలి చేతులు కట్టుకుని కూర్చోండి. కర్సర్ నిశ్చలంగా ఉంటే ఆ వణుకు చేతి నుంచో, సున్నితత్వం ఎక్కువగా పెట్టడం వల్లనో, మౌస్ కదిలేటప్పుడు మాత్రమే బయటపడే లోపం వల్లనో వస్తోంది. ముట్టకపోయినా వణుకుతుంటే మీ చెయ్యి నిర్దోషి.

రెండో పరీక్ష – తెల్లకాగితం పరచండి. గీతలు లేని మామూలు తెల్లకాగితం మౌస్ కింద పెట్టి చూడండి. వణుకు ఆగిందా, తప్పు బల్లది.

మూడో పరీక్ష – మౌస్ పూర్తిగా తీసేయండి. వైర్ పీకేయండి, వైర్‌లెస్ అయితే స్విచ్ ఆపండి. అప్పటికీ కర్సర్ కదులుతోందంటే పాపం మౌస్‌కేమీ సంబంధం లేదు. టచ్‌ప్యాడ్, టచ్ తెర, లేదా లోపలి సాఫ్ట్‌వేర్‌ను చూడాలి.

నాలుగో పరీక్ష – మార్పిడి. ఇదే మౌస్‌ను ఇంకో రంధ్రంలో, తరువాత ఇంకో కంప్యూటర్‌లో పెట్టండి. వణుకు మౌస్ వెంట వెళితే లోపం మౌస్‌ది. కంప్యూటర్ దగ్గరే ఉండిపోతే లోపం కంప్యూటర్‌ది. 

ఇక దొరికిన కారణాన్ని బట్టి నివారణ.

కారణాలు – నివారణ

(అ) బల్ల: అద్దం, అద్దంలా మెరిసే సన్మైకా, గాజుపలక – ఇవి కాంతి మౌస్‌కు శత్రువులు. వెలుగు నేరుగా పరావర్తనమై పోతుంది గాని నీడలు పడవు. ఒకేలాంటి గళ్లు ముద్రించిన గుడ్డ కూడా మంచిది కాదు. ఏ గడి ఏదో సెన్సార్‌కు తెలియదు. ఇందుకు వందల రూపాయల ప్యాడ్ కొనక్కర్లేదు. మెరుపు లేని గోధుమరంగు పరీక్ష అట్ట ప్రతి విద్యార్థి దగ్గరా ఉంటుంది. నోటుపుస్తకం వెనక అట్ట అయినా చాలు.

బల్లకూ కటకానికీ మధ్య ఉండవలసిన ఎత్తు కూడా ముఖ్యం. చాలా సెన్సార్లలో ఇది రెండు మిల్లీమీటర్లకు కొంచెం పైన. మౌస్ అడుగున ఉండే నున్నటి పాదాలు అరిగినా, ఊడినా, వాటికి ఏదైనా జిగురు అంటుకున్నా ఎత్తు మారి బొమ్మ మసకబారుతుంది. కళ్లజోడు పవరు మారినవాడి పరిస్థితే.

(ఆ) మురికి: మౌస్‌ను తిరగేసి రంధ్రంలోకి వెలుతురులో చూడండి. ఒక్క వెంట్రుక, దుప్పటి నూలుపోగు, చిన్న పురుగు ఉన్నా చాలు. ముందు వైర్ తీసేయాలి. దూది చుట్టిన పుల్లను స్పిరిట్‌లో కొంచెం తడిపి, నీరు కారకుండా పిండి, మెల్లగా తుడవాలి. నోటితో ఊదకూడదు; తుంపర్లు కటకం మీద పడి ఇంకా మసకవుతుంది. ఆరిన తరువాతే మళ్లీ తగిలించాలి.

కిటికీ లోంచి నేరుగా పడే ఎండ కూడా మౌస్ కింద దూరి సెన్సార్‌ను గందరగోళపెట్టవచ్చు. మౌస్ చుట్టూ పుస్తకాలు అడ్డుపెట్టి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది.

(ఇ) సున్నితత్వం: మౌస్ పెట్టెల మీద డి.పి.ఐ. అని రాసి ఉంటుంది. ఒక అంగుళం జరిగితే మౌస్ ఎన్ని అడుగులు లెక్కపెడుతుందో చెప్పే అంకె ఇది. 800 డి.పి.ఐ. అంటే ఒక్కో అడుగు 25.4 భాగించు 800, సుమారు 0.032 మిల్లీమీటర్లు. 3200 డి.పి.ఐ. అయితే ఒక్కో అడుగు 0.008 మిల్లీమీటర్లే. మన తలవెంట్రుక మందం కన్నా ఎంతో తక్కువ.

ఆరోగ్యవంతుడి చెయ్యి కూడా రాయిలా నిలబడదు. సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు కంటికి కనపడనంత సన్నగా అదురుతూనే ఉంటుంది. ఆ అదురు 0.1 మిల్లీమీటరు అనుకుంటే 800 డి.పి.ఐ. దగ్గర అది మూడు అడుగులు. 3200 దగ్గర పన్నెండు అడుగులు దాటుతుంది. లోపం లేని మౌస్, లోపం లేని చెయ్యి, అయినా వణుకు! ఎక్కువ అంకె ఉన్న మౌస్ మంచిదనే అభిప్రాయం సరికాదని దీన్నిబట్టి తెలుస్తుంది. చాలా మౌస్‌లలో చక్రం వెనక ఒక చిన్న బొత్తాం ఉంటుంది. తెలియకుండా అది నొక్కుకుపోతే డి.పి.ఐ. మారిపోతుంది. ముందు దాన్ని నొక్కి చూడాలి. విండోస్‌లో అయితే మౌస్ సెట్టింగుల్లో పాయింటర్ వేగం తగ్గించాలి. అక్కడే "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అనే గడి ఉంటుంది. చేతి వేగాన్ని బట్టి కర్సర్ దూరాన్ని పెంచి తగ్గించే ఏర్పాటు అది. దాన్ని తీసేస్తే ఎంత చెయ్యి జరిపితే కర్సర్ అంతే జరుగుతుంది.

ఇంట్లో చేతులు వణికే పెద్దవాళ్లు ఉంటే వాళ్లకు మౌస్ ఇచ్చేటప్పుడు డి.పి.ఐ., వేగం బాగా తగ్గించి, తెర మీది అక్షరాలు, గుర్తులు పెద్దవి చేసి ఇవ్వండి. పింఛను కాగితం వాళ్లే చూసుకోగలుగుతారు.

(ఈ) తీగ: వైర్ ఎక్కువగా తెగేది మౌస్‌లోకి దూరే మెడ దగ్గర. అక్కడ మెల్లగా వంచుతూ చూడండి. కర్సర్ ఆగిపోవడం, కంప్యూటర్ "టిడింగ్" మని మోగడం జరిగితే లోపల పోగులు తెగినట్టు. సోల్డరింగ్ తెలిసిన ఎలక్ట్రానిక్స్ మిత్రుడు ఉంటే తెగినచోట కత్తిరించి మళ్లీ అతికించగలడు. చౌక మౌస్‌కు ఆ శ్రమ దండగ అనుకుంటే కొత్తది కొనవచ్చు. అప్పుడు కారణం తెలిసి కొంటాం.

(ఉ) వైర్‌లెస్: ముందు బ్యాటరీ మార్చండి. ఈ మౌస్‌లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. బ్లూటూత్, చాలా వైఫైలు కూడా ఆ బాట మీదే నడుస్తాయి. అంతేకాదు, వేగంగా పనిచేసే యు.ఎస్.బి. 3.0 పరికరాలు, వాటి తీగలు అదే ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థ 2012లో ఒక పత్రంలో వివరించింది. కాబట్టి పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ పెట్టినప్పుడే కర్సర్ ఆగి ఆగి నడుస్తుంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. మౌస్ రిసీవర్‌ను వాటికి దూరంగా ఉన్న రంధ్రంలోకి మార్చాలి. డెస్క్‌టాప్ వెనకాల గోడవైపు పెట్టిన రిసీవర్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో ముందుకు తెచ్చినా గుణం కనిపిస్తుంది.

(ఊ) టచ్‌ప్యాడ్, ఎర్త్: దీన్ని కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ కింద సన్నటి వాహకాల వల ఉంటుంది. వేలు దగ్గరకు వచ్చినప్పుడు అక్కడి కెపాసిటెన్సు అతి స్వల్పంగా మారుతుంది. ఎక్కడ మారిందో కనిపెట్టి వేలు ఎక్కడుందో తెలుసుకుంటుంది. చెమట, నూనె, నీటిచుక్క ఉంటే ఆ కొలత చెడిపోతుంది. చేతులు కడిగి తుడుచుకోవడం, ప్యాడ్‌ను పొడిగుడ్డతో తుడవడం మొదటి వైద్యం.

రెండో కారణం చార్జర్. చార్జర్ లోపల విద్యుత్తు సెకనుకు వేలసార్లు ఆగి నడుస్తుంటుంది. ఆ రొదను అణచడానికి మెయిన్స్ వైపుకూ లాప్‌టాప్ వైపుకూ మధ్య చిన్న కెపాసిటర్లు పెడతారు. ప్లగ్గుకు ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే లాప్‌టాప్ లోహపు శరీరం గాలిలో తేలుతున్నట్టు ఉండిపోతుంది. మన 230 వోల్టుల సరఫరాలో మీటరు పెడితే దాదాపు సగం, 115 వోల్టుల దాకా చూపవచ్చు. కరెంటు అతి స్వల్పం కనుక ప్రాణాపాయం ఉండదు గాని, వేలు రాస్తే జుమ్మంటుంది. వేలికీ ప్యాడ్‌కూ మధ్య ఈ రొద దూరితే కొలత అటూ ఇటూ ఊగుతుంది. కర్సర్ వణుకుతుంది.

మా హాస్టల్లో ఒక మిత్రుడికి సరిగ్గా ఇదే వచ్చింది. ఒక రిపేరు షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నారు. చెప్పిన ఖర్చు వాళ్ల నాన్నగారికి ఒక ఎకరం కౌలంత. అందరం కలిసి పై పరీక్షలే వరుసగా చేశాం. చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే వణుకు లేదు. చార్జర్ పెట్టగానే వచ్చింది. అదే చార్జర్‌ను ఎర్త్ ఉన్న ఇంకో గదిలోని ప్లగ్గులో పెడితే మళ్లీ లేదు. బోర్డు నిక్షేపంగా ఉంది. గోడలోని మూడో రంధ్రానికే తీగ లేదు.

కనుక లాప్‌టాప్ కర్సర్ వణికితే ముందు చార్జర్ తీసి చూడటం మరవకండి. మూడు పిన్నుల చార్జర్‌ను రెండు పిన్నుల ప్లగ్గులో దూర్చడానికి మూడో పిన్ను విరగ్గొట్టవద్దు. ఊరూపేరూ లేని చౌక చార్జర్ వాడవద్దు. ఎర్త్ లేదని తేలితే మనమే తీగ తీసుకుని గోడలో గుచ్చడం గాని, ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలపడం గాని ఎంతమాత్రం చేయకూడదు, అది ప్రాణాంతకం. ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. పొలంలో మోటారు షెడ్డు దగ్గర గొయ్యి తీసి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలం నీళ్లు పోసి ఎర్త్ కాపాడుకునే రైతు ఇంటి బిడ్డకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఎర్త్ లేదంటే పోయేది కర్సర్ ఒక్కటే కాదు. ఫ్రిజ్, గ్రైండర్, వాటర్ హీటర్ దగ్గర మనుషులకే ప్రమాదం. ఆ విధంగా ఈ చిన్న వణుకు ఒక పెద్ద ప్రమాదాన్ని ముందుగా చెప్పే హెచ్చరిక కూడా.

మరో హెచ్చరిక. టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టు కనిపించినా, నొక్కితే గట్టిగా తగిలినా కింద బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. వెంటనే ఆపేసి, చార్జింగ్ పెట్టకుండా, గుచ్చకుండా, నొక్కకుండా తెలిసిన మెకానిక్కుకు ఇవ్వాలి. అది నిప్పంటుకోగల వస్తువు.

టైపు చేస్తున్నప్పుడు మాత్రమే కర్సర్ గెంతుతుంటే అరచెయ్యి ప్యాడ్‌కు తగులుతోందన్నమాట. మౌస్ పెట్టినప్పుడు టచ్‌ప్యాడ్ ఆగిపోయేలా సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు.

(ఋ) సాఫ్ట్‌వేర్: కర్సర్‌తోపాటు పాట, వీడియో కూడా ఆగి ఆగి నడుస్తుంటే కంప్యూటర్ పనిభారంతో సతమతమవుతోందని అర్థం. టాస్క్ మేనేజర్‌లో ఎక్కువ తినేస్తున్న ప్రోగ్రాంను మూసేయాలి. తరువాత పునఃప్రారంభం, అటు తరువాత మౌస్ డ్రైవర్ తీసివేసి మళ్లీ వేయడం. ఇన్నీ అయ్యాకనే ఫార్మాట్ ప్రసక్తి. అదీ ముఖ్యమైన ఫైళ్లు వేరే చోట దాచుకున్న తరువాత.

పరీక్ష హాల్లో

పరీక్ష హాల్లో ఇవన్నీ చేయడానికి వీలుండదు. అక్కడ చేయవలసినవి మూడే. కూర్చోగానే, ప్రశ్నలు తెరుచుకోకముందే, సూచనల పేజీ మీద కర్సర్‌ను నాలుగు మూలలకూ తిప్పి, ఒక్కక్షణం చెయ్యి తీసి చూడండి. వణుకు కనిపిస్తే వెంటనే చెయ్యెత్తి ఇన్విజిలేటర్‌తో చెప్పండి: "చెయ్యి తీసినా కదులుతోంది సార్, మౌస్ మార్చండి." ఆ ఒక్క వాక్యం చాలు, అందులో ఫిర్యాదూ ఉంది, రుజువూ ఉంది. మార్చేలోగా, రఫ్ పనికిచ్చిన కాగితాన్ని మౌస్ కింద పరిచి పని కానివ్వండి. ప్రతి జవాబూ నొక్కాక ఏది ఎంపికైందో కంటితో చూసి, ఆ తరువాతే సేవ్ చేయండి.

ముగింపు

సమస్య చిన్నదే కావచ్చు. కాని దాన్ని విడదీసి చూసే పద్ధతి చిన్నది కాదు. చెయ్యి, బల్ల, మౌస్, తీగ, కంప్యూటర్, గోడలోని ఎర్త్ – గొలుసులో ఏ లంకె తెగిందో ఒక్కొక్కటిగా పట్టుకుని చూడాలి. ఊహమీద ఎవరినీ దోషిగా నిలబెట్టకూడదు, ముఖ్యంగా మనల్ని మనం.

చివరగా మన విద్యార్థి సంఘానికి, అధ్యాపకులకు ఒక మనవి. ప్రతి కంప్యూటర్ లాబ్‌లో పైన చెప్పిన నాలుగు పరీక్షల్ని తెలుగులో రాసి గోడకు అంటించాలి. పక్కన ఒక డబ్బాలో కొన్ని తెల్లకాగితాలు, దూది, చిన్న స్పిరిట్ సీసా, పనిచేస్తుందని తెలిసిన మౌస్ ఒకటి ఉంచాలి. ఏడాదికొకసారి ఎలక్ట్రీషియన్‌తో అన్ని ప్లగ్గుల ఎర్త్ పరీక్ష చేయించాలి. వచ్చే జూన్‌లోనో జూలైలోనో మొదటి సంవత్సరంలో చేరి, మొట్టమొదటిసారి మౌస్ పట్టుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మనం చేయగలిగిన సహాయం ఇది. ఖర్చు చూస్తే ఈ సంచికలో ఒక పేజీ అచ్చుకయ్యేంత కూడా ఉండదు.